పెన్సిల్ గీతలున్న కామిక్స్

మెట్టుగూడలో మా ఇల్లు బిల్డర్ చేతికి అప్పగించే రోజు దగ్గరపడింది. కింది వాటాలో తమ్ముడి కుటుంబం, పై వాటాలో మేము. కొత్త ఫ్లాట్లు తయారయ్యేదాకా ఉండడానికి నేరేడ్‌మెట్‌లో ఎదురెదురు గుమ్మాలున్న రెండు అద్దె ఇళ్ళు దొరికాయి. రెండూ చిన్నవే. అటక లేదు. ఏది వెంట తీసుకెళ్ళాలి, ఏది వదిలించుకోవాలి అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

తమ్ముడు నిచ్చెన వేసుకుని అటక మీది సామాను ఒక్కొక్కటే అందించాడు. ఇత్తడి గంగాళం, కాలు విరిగిన పీట, అమ్మ చీరల మూట, ఎవరివో తెలియని రెండు గొడుగులు. చివరికి రెండు ఇనుప పెట్టెలు మిగిలాయి. వాటిని వాడొక్కడే దించలేకపోయాడు. నేనూ మా మరదలూ కింద నుంచి పట్టుకున్నాం.

మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకే పాత కాగితం వాసన. వరసగా నిలబెట్టిన కామిక్స్. తెలుగువి ఎక్కువ, హిందీవి కొన్ని, ఇంగ్లీషువి ఇంకా కొన్ని. రాజుల కథలు, ముసుగు వీరుల కథలు, దొంగల్ని పట్టే డిటెక్టివ్‌ల కథలు. మొత్తం ఆరువందల నలభై. ఆ సంఖ్య చూడకుండానే చెప్పగలను. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవుల్లో వాటిని ఎండలో ఆరబెట్టి లెక్కపెట్టింది నేనే.

"అమ్మేద్దాం అక్కా," అన్నాడు తమ్ముడు చేతులు దులుపుకుంటూ.

"ఎట్ల అమ్ముతం?"

"ఎట్లనో అట్ల. నువ్వే చూడు. వీటి సంగతి నీకే తెలుసు."

సరేనన్నాను. అమ్మడం గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఇన్నేళ్ళుగా పెట్టె తెరిచిందీ లేదు, చదివిందీ లేదు. ఎలా అమ్మాలన్నదొక్కటే తేల్చుకుంటే చాలనుకున్నాను. అది తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నా చిన్నతనం గురించి నేను గట్టిగా నమ్మిన విషయం ఒకటి తలకిందులైంది.

మా నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. డ్యూటీకి పోతే రెండు రోజులకో మూడు రోజులకో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సంచీలో ఒకటో రెండో కామిక్స్ ఉండేవి. కొన్ని స్టేషన్లలో కొన్నవి. చాలావరకు మా సందు చివర పాత పేపర్ల కొట్టులో తూకానికి తెచ్చుకున్నవి. ఆ కొట్టాయన మాకోసం కామిక్స్ ఏరి, సుతిలి తాడుతో కట్టి, త్రాసు వెనక దాచిపెట్టేవాడు.

తమ్ముడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. వాడికి నత్తి. 'ప', 'బ', 'క' అక్షరాలు వచ్చాయంటే మాట గొంతులో ఇరుక్కునేది. కళ్ళు గట్టిగా మూసి, మెడ ముందుకు చాచి, ఆ అక్షరాన్ని బయటికి తోసేవాడు. ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి పోయేవాడు. బడిలో తెలుగు పాఠం పైకి చదివించే రోజున కడుపులో నొప్పి అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు టీబీ వచ్చింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో, చాలా నెలలు ఇంట్లో మంచం మీద. నాన్న డ్యూటీ మానుకునే వీల్లేదు. నన్ను బడి మాన్పించారు. వంట చేయడం, అమ్మకు మందులివ్వడం, తమ్ముణ్ని బడికి తయారుచేయడం నా పనులయ్యాయి. ఆ రోజుల్లోనే, సాయంత్రం వాడు బడి నుంచి రాగానే వరండాలో చాప పరిచి కామిక్స్ చదివించడం మొదలుపెట్టాను. బొమ్మల పైన డబ్బాల్లో ఉండే కథ నేను చదవాలి, బుడగల్లో ఉండే మాటలు వాడు చదవాలి. రాజు మాట రాజు గొంతుతో, దొంగ మాట దొంగ గొంతుతో. ఇంకొకరి గొంతు పెట్టుకుంటే వాడికి మాట కొంచెం తేలిగ్గా వచ్చేది. అది నేనే కనిపెట్టానని నాకు భలే గర్వంగా ఉండేది.

అంతటితో ఆగలేదు. ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిల్‌తో వాలు గీత పెట్టాను. ఇరుక్కునే అక్షరం కింద చుక్క. మెల్లగా సాగదీయాల్సిన మాట కింద పొడుగు గీత. వాడు బడికి పోయాక, అమ్మ కునుకు తీశాక, పప్పు ఉడికేలోపు పొయ్యి పక్కనే కూర్చుని సాయంత్రం చదవబోయే కామిక్‌కు గీతలు పెట్టుకునేదాన్ని. అలా నాలుగువందలకు పైగా కామిక్స్‌లో ప్రతి పేజీలో, ప్రతి బుడగలో నా గీతలున్నాయి.

అమ్మ కోలుకుంది. తర్వాత నేను ప్రైవేటుగా టెన్త్ కట్టాను, ఇంటర్ చదివాను, టీచర్ ట్రైనింగ్ చేశాను. ముప్పై ఏళ్ళుగా చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. తమ్ముడు ఇళ్ళకు కరెంటు వైరింగ్ చేసే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడి కింద నలుగురు పనివాళ్ళున్నారు. నత్తి పూర్తిగా పోలేదు. ఫోన్లో మాట్లాడేటప్పుడూ, కోపం వచ్చినప్పుడూ బయటపడుతుంది. మామూలుగా అయితే కొత్తవాళ్ళు గమనించను కూడా గమనించరు. స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లకు, "నా మొదటి స్టూడెంట్ మా తమ్ముడే" అని చెప్పుకోవడం నాకు అలవాటు. చెప్పిన ప్రతిసారీ వాళ్ళ కళ్ళలో కనిపించే గౌరవం కూడా నాకు ఇష్టమే.

పాత కామిక్స్ కొని ఇంటర్నెట్‌లో అమ్మే ఒక యువకుడి నంబరు మా స్కూల్లో ఒకావిడ ఇచ్చింది. ఫోన్ చేస్తే ఆ శనివారమే వచ్చాడు. మర్యాద తెలిసినవాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, పల్చటి గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్క కామిక్‌నూ అరచేతిలో పడుకోబెట్టి, పిన్నులు చూసి, అట్ట అంచులు చూసి, పేజీలు తిప్పాడు. గంట తర్వాత తలెత్తాడు.

"కలెక్షన్ సూపర్ ఉంది మేడమ్. కండిషనే ప్రాబ్లమ్."

"ఏం ప్రాబ్లమ్? ఒక్క పేజీ సుత చినగలే."

"చినగలేదు మేడమ్. ఈ పెన్సిల్ మార్క్స్ ఉన్నయి కదా. కామిక్స్ కలెక్టర్స్ ఇట్లాంటివి ముట్టుకోరు. క్లీన్‌గా ఉన్నవి ఒక రెండొందలు ఉంటయి. అందులో యాభై నేను సెలెక్ట్ చేసుకుంట. మిగతావి ఎరేజర్‌తో తుడిచి పెట్టండి, తర్వాత చూద్దాం. లేదంటే పాత పేపర్ల కింద ఇచ్చేయండి."

తమ్ముడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆలోచించుకుని చెబుతామని నేనే ఆ అబ్బాయిని పంపించాను. అతనటు పోగానే నాకు ఒళ్ళు మండింది. నా గీతల్ని మరకలన్నట్టు మాట్లాడతాడా! అయినా మంచి రబ్బరు ఒకటి తెచ్చి, ఒక కామిక్ తీసి, ఒకే ఒక్క గీత మీద మెల్లగా రుద్ది చూశాను. గీతతో పాటు రంగు కూడా లేచి వచ్చింది. రాజుగారి కిరీటం మీద తెల్లటి మచ్చ పడింది. రబ్బరు పక్కన పడేశాను.

తర్వాత ఫోటోలు తీసి, పాత కామిక్స్ ఇష్టపడేవాళ్ళ గ్రూపు ఒకదానిలో పెట్టాను. బోలెడు మెసేజ్‌లు వచ్చాయి. ఒకరు మొత్తం లాట్‌గా ఎంతకిస్తారంటారు. ఒకరు ఫలానా సంచిక ఒక్కటే కావాలంటారు. ఒకరు వెనక అట్ట ఫోటో, లోపలి పేజీ ఫోటో, పిన్నుల ఫోటో అడిగి, అన్నీ పంపాక మాయమైపోతారు. వారం రోజులు స్కూలు నుంచి రాగానే అదే పని. మా ఆయన నవ్వాడు. "ఇవి అమ్ముడయ్యేలోపు ఆ కొత్త ఫ్లాట్లు కూడా పాతబడతాయి," అన్నాడు.

అప్పుడు నాకు రాంగోపాల్‌పేట్‌లో ఉండే బైండింగ్ భాయ్ గుర్తొచ్చాడు. మా స్కూలు లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసేది ఆయనే. డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ నాన్న నాటి దుకాణం. నిత్యం మైదా జిగురు వాసన వేస్తుంటుంది. పుస్తకం ఏ భాషలో ఉన్నా కుట్టే ముందు నాలుగు పేజీలు చదవకుండా ఉండలేడు. ఓ ఇరవై కామిక్స్ సంచీలో వేసుకుని, తమ్ముడి చేత బలవంతంగా బండి తీయించి, ఆయన దగ్గరికి పోయాం.

భాయ్ కళ్ళద్దాలు తుడుచుకుని ఒకటి తీశాడు. సగం దాకా చదివి, నవ్వుకుని, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి గీతలు చూశాడు. అవేమిటో నేను చెప్పాను, ఎప్పుడూ చెప్పే కథే. ఆయన విని తలూపాడు. తమ్ముడు బయట రోడ్డు వైపు చూస్తున్నాడు.

"చూడు చెల్లె," అన్నాడు భాయ్. "ఒక్కొక్కటే అమ్ముకుంటే పైసలు జాస్తి వస్తయి. గని ఏడాది పడ్తది. దినాం ప్యాకింగ్, పోస్టాఫీసు, ఫోన్లు. నీతోని అయితదా? గంపగుత్తగ ఇచ్చేస్తివా, ఒక్క దినంల ఇల్లు ఖాళీ. గని ఎవరి చేతికి పోతయో తెల్వది. ఆబిడ్స్‌ల ఆదివారం పుస్తకాలోళ్ళ పక్కన కూసుందామంటే, ఆడ జాగలు ఏండ్ల సంది ఒక్కొక్కళ్ళకు ఖాయం. మనల్ని కూసోనియ్యరు."

"మరి ఏం చేయమంటరు భాయ్?"

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ముందుగాల ఇది చెప్పు. గివి ఎవరివి? నీయా, తమ్మునియా?"

"ఇద్దరివి," అన్నాను నేను.

"అక్కవి," అన్నాడు తమ్ముడు, అదే క్షణంలో.

భాయ్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. కామిక్ మూసి నా చేతికిచ్చాడు. "జెర ఇంటికి పోయి ఫైసలా చేసుకోండ్రి. అమ్ముడు సంగతి తర్వాత చూద్దాం."

ఇంటికి రాగానే నేను తమ్ముడి వెనకే కింది వాటాలోకి పోయి, దారి పొడుగునా ఆలోచించిందంతా చెప్పేశాను. గీతల్లేనివి ఆ అబ్బాయికి ఇచ్చేద్దాం. గీతలున్నవి అసలు అమ్మొద్దు. నేరేడ్‌మెట్‌లో నా మంచం కింద పెట్టుకుంటాను.

"వద్దు," అన్నాడు వాడు.

"ఎందుకు వద్దు? మన చిన్నప్పటివిరా. నువ్వు మాట నేర్చుకున్నయి."

"నేను వాటితోని మాట నేర్చుకోలే అక్కా."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు వెంటనే అర్థం కాలేదు. మా మరదలు పాత పేపర్లో చుడుతున్న గ్లాసు అట్లాగే పట్టుకుని మా వైపు చూసింది. తమ్ముడు సగం సర్దిన అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

"ఐదో తరగతిల ఒకపారి ఒక కామిక్ బడికి తీస్కపోయిన. యాదికుందా? అది మళ్ళ ఇంటికి రాలే. పోగొట్టుకున్న అని చెప్పిన."

యాదికుంది. ఆ రోజు వాణ్ని బాగా తిట్టాను.

"పోగొట్టుకోలే. నా పక్కన కూసునేటోడు గుంజుకున్నడు. గీతలు చూసి గివేందిరా అన్నడు. జెరసేపట్ల వానికే సమజైంది. బ... బెంచీ ఎక్కి సదువుడు షురూ చేసిండు. గీత ఉన్నకాడల్ల ఆగుడు. చుక్క ఉన్నకాడల్ల నా లెక్క మూతి పెట్టుడు. క్లాసంత నవ్విండ్రు. సారు సుత నవ్విండు."

నేను నిలబడే ఉన్నాను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు చదివిచ్చుడు బంద్ చేస్తుంటివి."

"బంద్ చేస్తే నీకు తక్లీఫ్ తప్పేది కదరా!"

"తప్పేది," అన్నాడు వాడు. "నువ్వు బడి మానేసినవు అక్కా. పొద్దంత వంటింట్లనే ఉంటుంటివి. నేను బడికి పోతుంటే గేటు కాడ నిలబడి నా యూనిఫాం దిక్కు చూస్తుంటివి. నేను బయట ఆడుకోనీకె పోంగనే నా నోటుబుక్కులు తీసి చూస్తుంటివి. నాకు తెల్వదనుకున్నవా? సాయంత్రం చాప మీద కూసున్నప్పుడే నీ ముఖం ఒక తీరుగ ఉంటుండె. గందుకే సదివిన. నాకిష్టమయి కాదు."

మరదలు గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ నా వైపు జరిపింది. నేను కూర్చోలేదు. పైకి వచ్చేశాను.

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది కోపం. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నవాడు, ఇల్లు ఖాళీ చేసే తొందరలో ఇప్పుడే చెప్పాలా? రెండు రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే సామాను సంగతి అడిగి పక్కకు తప్పుకున్నాను. స్కూల్లో మూడో తరగతి పాప ఒకతి పాఠం పైకి చదువుతూ, ప్రతి వాక్యం చివరా తలెత్తి నా ముఖం చూస్తోంది. రోజూ అలాగే చూస్తుంది కాబోలు. నేనే ఆ రోజు దాకా పట్టించుకోలేదు. "మంచిగ చదివినవమ్మా, కూసో," అన్నాను. తర్వాత బోర్డు వైపు తిరిగి కొంచెంసేపు ఏమీ రాయకుండా నిలబడ్డాను.

అమ్మకు జబ్బు చేసినప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లను నేను. బడి పోయినందుకు ఏడవలేదని, ధైర్యంగా ఉన్నానని నాన్న అందరికీ చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. పదేళ్ళ పిల్లవాడొకడు నన్ను చూస్తున్నాడని, చూసి, తనకు చేతనైన సాయం ఒకటి చేశాడని నాకు తట్టనే లేదు. అదీ తను అన్నిటికన్నా భయపడే పనితో, రోజూ సాయంత్రం, మూడేళ్ళపాటు.

మూడో రోజు స్కూలు నుంచి వచ్చి నేరుగా కిందికి పోయాను. వాడు ఫ్యాను ఊడదీస్తున్నాడు.

"నువ్వు చెప్పు," అన్నాను. "ఎట్ల అమ్ముదాం?"

వాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, నిచ్చెన దిగి వచ్చాడు. ఆ పెట్టెలు దించిన రోజు నుంచీ నేను వాణ్ని ఈ ప్రశ్న అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది. అసలు నలభై ఏళ్ళలో ఎప్పుడైనా అడిగానా?

"గీతలు చెరపద్దు," అన్నాడు. "దాచద్దు సుత. ముందుగాల్నే చెప్పి అమ్ముదాం. చూసి, చేతిల పట్టుకొని, కావాలె అన్నోళ్ళకే ఇద్దాం. పోస్టుల పంపుడు వద్దు. ఇగ ఆ పిలగాడు యాభయే తీస్కుంటనన్నడు కద, గట్ల కుదరది. తీస్కుంటే రెండొందలూ తీస్కోవాలె."

"నేను ఫోన్ చేసి అడగనా?"

"నేనే చేస్త."

ఫోన్ వాడికి పడదని నాకు తెలుసు. పక్కనే నిలబడ్డాను, నోరు మెదపకుండా. 'పుస్తకాలు' అన్న మాట దగ్గర వాడి గొంతు ఆగింది. అవతలి అబ్బాయి "హలో, హలో, వినపడట్లేదు" అంటున్నాడు. ఆ మాట నేను అందించబోయి పళ్ళు బిగపట్టుకున్నాను. తమ్ముడు చేత్తో నన్ను ఆగమన్నట్టు సైగ చేసి, ఊపిరి తీసుకుని, చెప్పాల్సింది చెప్పేశాడు. ఆ అబ్బాయి ఒక రోజు గడువు అడిగాడు. మర్నాడు ఒప్పుకుని, కారు తెచ్చుకుని, గీతల్లేనివన్నీ తీసుకెళ్ళాడు.

మిగిలినవాటికి చోటు చూపించింది భాయే. "ఆదివారం నా దుకాణం బంద్. పక్క రెండు దుకాణాలు సుత బంద్. ముందర అరుగంత ఖాళీ. పెట్టుకోండ్రి," అన్నాడు. గ్రూపులో మళ్ళీ రాశాను. ఈసారి ఫోటోల కింద, నాలుగువందల కామిక్స్‌లో ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలుంటాయని, చెరిపేది లేదని, వచ్చి చూసి తీసుకోవాలని, ఆదివారం పొద్దున రాంగోపాల్‌పేట్‌లో ఉంటామని. రాసింది తమ్ముడికి చూపించాకే పెట్టాను.

ఆ ఆదివారం పొద్దున్నే అరుగు మీద రెండు దుప్పట్లు పరిచి కామిక్స్ వరసలుగా పేర్చాం. పదిదాకా ఒక్కరూ రాలేదు. భాయ్ ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చి, దుకాణం షట్టర్ సగం ఎత్తి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు బ్యాంకులో పనిచేసే దంపతులు వచ్చారు. వాళ్ళ వెనకే బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న కాలేజీ అమ్మాయి. ఆ తర్వాత చూస్తుండగానే పదిహేను మంది. చాలామంది నా వయసువాళ్ళు. అరుగు ముందు గొంతుక్కూర్చుని, ఒకరికొకరు "అరే, ఇది నా దగ్గర ఉండె" అని చూపించుకుంటున్నారు.

బ్యాంకు ఆయన ఒకటి తెరిచి గీతల మీద వేలు పెట్టాడు. "ఇవి ఎందుకు పెట్టిండ్రు?"

నేను నోరు తెరవబోయాను. తమ్ముడు అప్పటికే చెబుతున్నాడు.

"నాకు చిన్నప్పుడు నత్తి. ఇప్పుడు సుత ఉంది కొంచెం. మా అక్క నాతోని సదివిచ్చనీకె పెట్టింది."

"పనిచేసిందా?"

"జెరంత చేసిందేమో," అన్నాడు తమ్ముడు. "ఏమో, నాకు సుత పక్కా తెల్వది."

ఆయన ఏడు ఏరుకున్నాడు. భార్య ఇంకో నాలుగు కలిపింది.

ఆ పూట తమ్ముడు ఆ మాట కనీసం పాతికసార్లు చెప్పి ఉంటాడు. అడిగినవాళ్ళకు అడిగినట్టు, ఒకసారి పొడుగ్గా, ఒకసారి రెండే ముక్కల్లో. నేను సుతిలి కట్టడం, సంచీలో వేయడం పెట్టుకున్నాను. మధ్యలో కాలేజీ అమ్మాయికి చెబుతుంటే చెవిన పడింది. "అప్పుడు మా అక్క బడి బంద్ అయింది. గందుకని ఇంట్లనే నాతోని బడి పెట్టింది," అంటున్నాడు. ఆ అమ్మాయి తలతిప్పి నా వైపు చూసి నవ్వింది. నేను సుతిలి ముడి మీద తల వంచుకున్నాను. ముప్పై ఏళ్ళు నేను చెప్పుకుంటూ వచ్చిన కథలో ఈ ముక్క ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నం రెండింటికి నూట యాభై దాకా మిగిలాయి. ఎండ అరుగు మీదికి వచ్చేసింది. ఏం చేద్దామన్నట్టు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే భాయ్ స్టూలు మీద నుంచి లేచాడు.

"నాకియ్యుండ్రి. పది పది కలిపి కుట్టి, గట్టి అట్టలేస్త. దుకాణంల పెట్టుకుంట. బైండింగ్‌కు ఇచ్చినోళ్ళు గంటలు గంటలు కూసుంటరు, సదువుకుంటరు."

"కుడితే కలెక్టర్లు కొనరట భాయ్," అన్నాను.

"నేనేం అమ్ముతనా?" అన్నాడాయన. వాటికి డబ్బు ఇవ్వబోయాడు. తమ్ముడు తీసుకోలేదు. కాసేపు ఇద్దరూ పెనుగులాడి, చివరికి మా రెండిళ్ళలో చినిగిన పుస్తకాలేవైనా ఉంటే ఊరికే బైండ్ చేసి ఇచ్చేట్టు రాజీ పడ్డారు.

వచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. ఇద్దరికీ ఆకలి, అలసట. క్లాక్ టవర్ దాటాక నేను అడిగాను.

"ఒక్కటి సుత నీకు నచ్చలేదారా? అన్ని కథలల్ల?"

"ఎందుకు నచ్చలే? ఒకటుండె." వాడు సీట్లో వెనక్కి వాలాడు. "లైట్‌హౌసు కాపలాదారు కథ. సముద్రంల తుఫాను. దీపంల నూనె అయిపోతది. దూరంగ ఓడ వస్తుంటది. ఆయనకు ఏం దొరకది కాల్చనీకె. ఆయన కాడ ఒక చిన్న పడవ ఉంటది, ఊళ్ళెకు పోనీకె. దాన్ని గొడ్డలితోని కొట్టి, పైకి మోసుకపోయి కాల్చేస్తడు."

నాకు గుర్తున్నంతవరకు ఆయన కాల్చింది తలుపు. పడవ కాదు. నేను దిద్దలేదు.

"అరే!" అన్నాడు ఆటో ఆయన అద్దంలోంచి. "మరి ఆయన ఊళ్ళెకు ఎట్ల పోతడు?"

"గదే కద అసలు కథ," అన్నాడు తమ్ముడు, ముందుకు వంగి.

మెట్టుగూడలో మా సందు మలుపు తిరిగేసరికి కథ ఇంకా సగంలోనే ఉంది. ఇంటి ముందు దిగాక కూడా తమ్ముడు ఒక చెయ్యి ఆటో మీద పెట్టి, ఇంకో చేత్తో అలలు ఎంత ఎత్తున లేచాయో చూపిస్తున్నాడు. ఆటో ఆయన ఇంజన్ ఆపేసి, సీట్లో పక్కకు తిరిగి కూర్చుని వింటున్నాడు. మా మరదలు గుమ్మంలోకి వచ్చి ఏమైందన్నట్టు నా వైపు చూసింది. ఏమీ లేదని చెప్పి, అన్నం పెట్టమని లోపలికి నడిచాను.